చిక్కపేట మేడ మీద సముద్ర పాఠాలు

ఈమధ్య నాకు ఫోన్ చేసే కొత్త టీచర్లంతా ఒకే ప్రశ్నతో మొదలుపెడతారు. "మేడమ్, ఇంట్లో పిల్లలకు సముద్ర జీవుల క్లాసు పెట్టాలనుకుంటున్నాను, ఏమేం కొనాలి?" ఏమీ కొనవద్దంటాను. పెద్ద జాబితా చెబుతానని కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుని ఉంటారు పాపం. కొనాల్సినవి ఉన్నాయి గానీ, అవి ఉప్పు, గాజు సీసాలు, ఒక వెడల్పాటి ట్రే. మిగతాదంతా వంటింట్లోనూ, పాత గుడ్డల మూటలోనూ దొరుకుతుంది.

బెంగళూరులో పద్నాలుగేళ్ళు ఈ పని చేశాను. అంతకుముందు తొమ్మిదేళ్ళు ఒక బడిలో సైన్సు చెప్పాను. మోకాళ్ళు మొరాయించడంతో నిరుడు మానేశాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు (ముప్పై ఏళ్ళ వాళ్ళు కూడా నాకు పిల్లలే) పనికొస్తుందని నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందే ఒక సంగతి ఒప్పేసుకుంటాను. నేను ఈ పని మొదలుపెట్టే నాటికి సముద్రం చూడలేదు. ఆ తరువాత కూడా తొమ్మిదేళ్ళు చూడలేదు. కాలేజీలో జంతుశాస్త్రం చదివేటప్పుడు సముద్రతీరానికి టూరు వేశారు. బస్సు బయలుదేరే రోజుకు నాకు ఆటలమ్మ పోసింది. తరువాత పెళ్ళి, పిల్లలు, అత్తగారి ఆయాసం, కొట్టు, పండగల రద్దీ. ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం, వచ్చే వేసవిలో వెళదాంలే అనుకుంటూ గడిపేశాం. మా ఆయనది చిక్కపేటలో బట్టల కొట్టు. సరుకు కోసం చెన్నై పోయినప్పుడల్లా సముద్రం చూసి వచ్చేవారు. ఎలా ఉందండీ అని అడిగితే ఆయన చెప్పే వర్ణన ఇది: "ఏముండాదే ఆడ? నీళ్ళుండాయి. ఊరికే వస్తా ఉంటాయి, పోతా ఉంటాయి. నిలబడి చూస్తే కాళ్ళు నొప్పి."

చూసినాయనకు చెప్పడం చేతకాదు, చెప్పే నేను చూడలేదు. మా ఇంట్లో సముద్రం పరిస్థితి అదీ.

తాళం వేసిన బీరువా

నేను పనిచేసిన బడిలో ఒక అద్దాల బీరువా ఉండేది. అందులో మందునీళ్ళ జాడీల్లో నక్షత్ర చేప, నీటిగుర్రం, చిన్న ఆక్టోపస్ ఉండేవి. బీరువాకు తాళం, దాని మీద "ముట్టుకోవద్దు" అని కన్నడలోనూ ఇంగ్లీషులోనూ బోర్డు. తాళంచెవి హెడ్మాస్టరు గారి డ్రాయరులో. ఇన్‌స్పెక్షన్ జరిగే రోజున మాత్రమే అది బయటికి వచ్చేది.

ఒకసారి ఆరో తరగతి పిల్ల అద్దానికి ముక్కు ఆనించి, "మిస్, ఇది బతికి ఉన్నప్పుడు ఏ రంగు?" అని అడిగింది. ఆ మందునీళ్ళలో అన్నీ ఒకే రంగుకు వస్తాయి, ఉడికిన బంగాళాదుంప రంగు. నాకు జవాబు తెలియలేదు. అంతకన్నా సిగ్గుచేటు, అంతవరకు నాకా ప్రశ్నే తట్టలేదు. బీరువా తెరిచి పిల్లల చేతికి జాడీలు ఇద్దామని హెడ్మాస్టరు గారిని అడిగాను. "పగిలితే ఎవరమ్మా సమాధానం చెప్పేది?" అన్నారాయన.

ఆయన చెడ్డవారని నేను అనను. జీతానికీ సెలవుకూ ఎప్పుడూ అడ్డుపడని మనిషి. కానీ భయస్తుడు. భయస్తుడి కింద ఎక్కువ కాలం పనిచేస్తే మనకూ భయం అలవాటవుతుంది. తొమ్మిదో ఏడు వచ్చేసరికి నేనే పిల్లలను "ముట్టుకోవద్దు, ముట్టుకోవద్దు" అంటున్నానని తెలిసి బడి మానేశాను. నా సలహా ఒకటే. పిల్లలు ముట్టుకోవడానికి వీల్లేని వస్తువు మీ క్లాసులో ఉంటే దాన్ని అటక మీద పెట్టండి.

అత్తగారి షరతు

చిక్కపేటలో మా ఇల్లు కొట్ల పైన రెండో అంతస్తు. మేడ మీద రేకుల షెడ్డు ఒకటి ఉండేది. శనివారం మధ్యాహ్నాలు అందులో క్లాసు పెడతానంటే మా అత్తగారు ఒకే షరతు పెట్టారు. "ఇంట్లోకి నీచు తెచ్చినావంటే నేను పోయి మెట్ల మీద కూర్చుంటా, చూడు." మాది ఉల్లిపాయ కూడా వారానికి నాలుగు రోజులే వండే ఇల్లు. చేపలు, పీతలు, కందిరీగంత సముద్రపు ప్రాణి కూడా గడప దాటడానికి లేదు. చేప లేకుండా సముద్రం చెప్పాలి.

అందుకని గుడ్డలతో మొదలుపెట్టాను. కొట్లో లంగాగుడ్డ తుంపులు, మిగిలిన జరీ అంచులు, చీర కుచ్చులు కావలసినన్ని. ఆర్గంజా అనే పలచటి గుడ్డముక్కను గొడుగులా కుట్టి కింద కుచ్చులు వేలాడదీస్తే జెల్లీచేప. గాజుల అట్టపెట్టెలో సగం కోసి, లోపల రంగు ఊలు అతికిస్తే పగడపు గుట్ట. మొదట్లో ముఖం తిప్పుకుని కూర్చున్న అత్తగారు మూడో వారానికి, "ఆ కుట్టు అట్ల కాదు, ఇట్లియ్యి" అంటూ సూది లాక్కున్నారు. కుట్టుపనిలో ఆవిడ ముందు మా వీధిలో ఎవరూ నిలవరు.

ఆక్టోపస్ బాధ్యత ఆవిడే తీసుకున్నారు. దానికి మూడు గుండెలు ఉంటాయని నేను చెబితే, బయటికి కనబడకుండా పొట్ట లోపల మూడు ఎర్ర గుండీలు కుట్టారు. "కనబడని దానికి ఎందుకత్తయ్యా అంత శ్రమ?" అంటే, "దానికి తెలుస్తుంది కదా" అన్నారు. శనివారం పిల్లలు వచ్చి కాళ్ళు లెక్కపెట్టారు. తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టినా తొమ్మిదే. నేను అత్తగారిని అడిగాను.

"చేసి ఇచ్చేది సరి లెక్కలో ఎట్లిస్తానే, పిల్లల చేతికి? ఒకటి ఎక్కువ పెట్టినా" అన్నారావిడ, ఎంతో మామూలుగా. చదివింపుల్లో వందకు మరో రూపాయి కలిపినట్లే కలిపారు.

ఆ తొమ్మిదో కాలు విప్పేద్దామని కత్తెర తీసి, ఆగాను. అంతవరకు నేను చెప్పిన దేన్నీ పిల్లలు అంత ఉత్సాహంగా లెక్కపెట్టి చూడలేదు మరి. అప్పటి నుంచి కొత్తగా చేరిన ప్రతి పిల్ల చేతికీ మొదటి రోజే ఆ తొమ్మిది కాళ్ళ ఆక్టోపస్‌ను ఇచ్చేదాన్ని. "ఆక్టోపస్‌కు ఎనిమిది కాళ్ళు" అని పుస్తకంలో చూపించి, ఊరుకునేదాన్ని. కొందరు వెంటనే లెక్కపెట్టి నవ్వేవారు. కొందరు మూడు వారాలకు గానీ పట్టుకునేవారు కాదు. లెక్కపెట్టని వాళ్ళల్లో ఎక్కువమంది మార్కులు బాగా తెచ్చుకునే పిల్లలే. పెద్దలు చెప్పింది వెంటనే నమ్మేయడం వాళ్ళకు బడిలో బాగా కలిసొచ్చి ఉంటుంది.

చేతిపనుల గురించి ఇక్కడే ఒక నిష్ఠూరం కూడా చెప్పాలి. పిల్లవాడు ఇంటి నుంచి తెచ్చిన పీత అందంగా, అంచులు సరిగ్గా కత్తిరించి ఉంటే, అది వాళ్ళమ్మ చేసిందని అర్థం. అలాంటి పీతలు నాకు వందల కొద్దీ వచ్చాయి. బంక కారుతూ, ఒక పక్కకు ఒరిగిపోయి, కళ్ళు రెండూ ఒకే చోట ఉన్న పీతను చూస్తే ప్రాణం లేచి వస్తుంది. దాన్ని చేసిన వాడికి పీత ఎటు నడుస్తుందో జన్మలో మరిచిపోలేనంతగా తెలిసి ఉంటుంది.

చీరల తిమింగలం

నీలి తిమింగలం ఎంత పొడుగు అని పిల్లలడిగితే ఇన్ని మీటర్లు అని చెప్పి లాభం లేదు. పెద్దవాళ్ళకే ఆ అంకె ఎక్కదు. నాకు తెలిసిన కొలత చీర. చీర అయిదున్నర మీటర్లు ఉంటుంది. అయిదు చీరలు కొంగుకు కొంగు ముడేస్తే మంచి పెద్ద తిమింగలం పొడుగు వస్తుంది. కొట్లో డ్యామేజీ చీరలు అయిదు తీసుకుని మేడ మీద పరిస్తే మూడో చీరకే పిట్టగోడ వచ్చేసింది.

ఆదివారం పొద్దున కొట్లు తెరవకముందు కిందికి దిగి సందులో పరిచాం. తల మా గుమ్మం దగ్గర, తోక సందు మలుపు దగ్గర. ఎనిమిదిమంది పిల్లలు దాని పక్కన పడుకుని ఎవరు ఎంతో కొలుచుకుంటూ ఉంటే, మూటల తోపుడుబండితో ఒకతను వచ్చి ఆగాడు.

"ఏమక్కా, చీరలు ఆరేస్తా ఉండారా? బండి పోవాల" అన్నాడు.

పిల్లల్లో ఒకడు లేచి, "ఇది తిమింగలం అంకుల్. తోక అవతల నుంచి పోండి" అన్నాడు.

అతను తోక దాకా నడిచి చూసి వచ్చాడు. మళ్ళీ తల దాకా నడిచాడు. "నా బండ్లు పది పట్టేట్టుండాది కదక్కా దీంట్లో" అన్నాడు. ఆ మాటకు పిల్లలు ఊరుకుంటారా? బండిని తల దగ్గర నుంచి ఒక్కో బండి పొడుగు జరుపుతూ, సుద్దతో గీత పెడుతూ కొలిచారు. తొమ్మిదిన్నర వచ్చింది. అతను ఓడిపోయానన్నట్టు ముఖం పెట్టాడు. మరుసటి వారం నుంచి ఆ సందులో ఎవరెదురైనా, "ఏమ్మా, చేపల టీచరూ" అని పలకరించేవారు. తిమింగలం చేప కాదని ఎవరెవరికని చెప్పను!

పుట్టని పిల్లలు

చేతిపనులతో సగమే చెప్పగలం. ప్రయోగాలు లేకపోతే పిల్లలు గుడ్డబొమ్మలే సముద్రమనుకుంటారు. ఉప్పునీళ్ళలో గుడ్డు తేలుతుంది, మంచినీళ్ళలో మునుగుతుంది. ప్లాస్టిక్ కవరులో వనస్పతి నింపి అందులో చెయ్యి పెట్టి మంచునీళ్ళలో ముంచితే, కొవ్వు ఉన్న జంతువుకు చలి ఎందుకు వెయ్యదో చేతికే తెలుస్తుంది. ఈకకు వంటనూనె పూసి కడగమంటే నూనె ఓడ మునిగినప్పుడు పక్షుల బాధ తెలుస్తుంది. ఆ రోజు మాత్రం సబ్బు ఎంత ఖర్చయిందని నన్ను అడగకండి.

అన్నిటికన్నా పిల్లలకు ఇష్టమైనది బ్రైన్ రొయ్యలు, అంటే ఉప్పునీళ్ళలో బతికే బుల్లి రొయ్యలు. అక్వేరియం కొట్లో వాటి గుడ్లు పొడిలా దొరుకుతాయి. ఉప్పునీళ్ళలో వేస్తే ఒకటి రెండు రోజుల్లో పుట్టి, చిన్న చుక్కల్లా ఈదుతాయి. అవి కంటికి సరిగా ఆనవు కాబట్టి అత్తగారు కూడా చూసీ చూడనట్టు ఊరుకున్నారు. మొదటిసారి లీటరు నీళ్ళకు రెండు పెద్ద చెంచాల ఉప్పు కలిపి గుడ్లు వేసి, "ఎల్లుండి వచ్చి చూడండి" అని పిల్లలకు గొప్పగా చెప్పాను. ఒక్కటీ పుట్టలేదు. గుడ్లు పాతవన్నాను. కొత్తవి తెచ్చాను. అవీ పుట్టలేదు. కొట్టువాడిని తిట్టాను.

తప్పు నాదే. కొళాయి నీళ్ళు పట్టి వెంటనే వాడాను. అందులో క్లోరిన్ ఉంటుంది. ఒక రోజు మూత లేకుండా నిలవ ఉంచితే పోతుంది. ఈ సంగతి నాకు చదువులో తెలుసు, చేతిలో తెలియదు. మూడోసారి రెండు సీసాలు పెట్టాం, ఒకటి నిలవనీళ్ళు, ఒకటి అప్పుడే పట్టినవి. సోమవారం సాయంత్రం ఒక సీసాలో చుక్కలు ఈదుతున్నాయి, రెండోదానిలో లేవు. మొదటిసారే పుట్టి ఉంటే పిల్లలు చప్పట్లు కొట్టి ఇంటికి పోయేవారు, అంతే.

ఆ వారమే క్లాసులో ఒక నియమం పెట్టాను. నోటుబుక్కులో కళ్ళారా చూసింది పెన్నుతో రాయాలి. విన్నది, చదివింది పెన్సిల్‌తో రాయాలి. నేను చెప్పినా సరే, పెన్సిలే. ఈ నియమం నా వృత్తిలో నేను చేసిన మంచి పనులన్నిటిలో మంచిది. నన్ను ఇరికించింది కూడా అదే.

నోరు జారింది

ఎనిమిదేళ్ళ తరువాత రేకుల షెడ్డు కొట్టు గోడౌను కిందికి పోయింది. క్లాసు మహదేవపురకు మారింది. అక్కడ ఒక అపార్ట్‌మెంటులో ఉండే తెలుగు కుటుంబాలవాళ్ళు వారానికి ఒక ఇంట్లో చొప్పున చోటిచ్చేవారు. మొదట్లో రెండు బస్సులు మారి పోయేదాన్ని, తరువాత మెట్రో వచ్చింది. గుడ్డ ఆక్టోపస్‌ను సంచిలో పెట్టుకుని వెళ్ళే ముసలమ్మను చూసి ఎంతోమంది పసిపిల్లలు ఏడుపు మానేశారు.

అక్కడ చేరింది మేఘన. పదేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ మొదటి రోజే నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పింది. "మిస్, తను ఎవ్వరినీ బిలీవ్ చెయ్యదు. మాదే మిస్టేక్. తన గోల్డ్‌ఫిష్ చనిపోతే, దాని ఫ్రెండ్స్ దగ్గరికి పంపేశామని చెప్పాం. తర్వాత డస్ట్‌బిన్‌లో చూసేసింది. అప్పట్నుంచి ఏం చెప్పినా 'నువ్వు చూశావా?' అంటుంది."

ఆ పిల్లకు నా నియమం చూడగానే నచ్చింది. ఆక్టోపస్‌ను తీసుకున్న నిమిషంలోనే కాళ్ళు లెక్కపెట్టింది. ఆ తరువాత రెండు వారాలకు, తల్లిదండ్రులంతా కూర్చుని చూస్తున్న రోజున, నేను అలల గురించి చెబుతుంటే చెయ్యెత్తింది.

"మిస్, మీరు సముద్రం లైవ్‌లో చూశారా?"

ఇంటినిండా పెద్దవాళ్ళు. అందరూ నా వైపే చూస్తున్నారు. సముద్రం చెప్పే టీచరు సముద్రం చూడలేదంటే ఎలా ఉంటుంది? "చూశానమ్మా" అనేశాను. ఆ పిల్ల తల ఊపి, పెన్సిల్ తీసుకుని రాసుకుంది.

ఇంటికి వచ్చి మా ఆయనతో చెప్పుకుని తల పట్టుకున్నాను. ఆయన నవ్వారు. "దానికెందుకే అంత బాధ? వచ్చే శనివారం చెప్పేస్తే పోలా?" అన్నారు. చెప్పలేదు. తరువాతి శనివారమూ చెప్పలేదు. ఆ ఏడాదిలో వాళ్ళమ్మ నాతో రెండుసార్లు అంది, "మీ మాట ఒక్కటే నమ్ముతుంది మిస్." ఆ పిల్లకు మిగిలిన ఒక్క నమ్మకం నేను. దాని కింద నేనొక అబద్ధం పెట్టాను. అది ఎప్పుడు బయటపడుతుందో, పడిన రోజున ఆ పిల్ల ఇంక ఎవరిని నమ్ముతుందో అని శనివారాలు వస్తుంటేనే దిగులుగా ఉండేది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగిన పెద్ద జాగ్రత్త ఇదే. తెలియని సంగతికి తెలుసని చెబితే ఆ నిమిషం గడుస్తుంది. తరువాతి ఏడాదంతా దాన్ని మోయాలి.

పోటు వేళ

నేను భయపడినంతా అయింది. తల్లిదండ్రులే ఒకరోజు, "మిస్, సమ్మర్‌లో పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్దాం. మీరు గైడ్‌గా ఉండండి" అన్నారు. మంగళూరు దగ్గర రాళ్ళున్న ఒక తీరం ఎంచుకున్నారు. నీళ్ళు తగ్గినప్పుడు రాళ్ళ మధ్య గుంటల్లో నక్షత్ర చేపలు, పీతలు, పూలలా కనిపించే సముద్రజీవులు కనబడతాయి. ఆరుగురు పిల్లలు, నలుగురు పెద్దలు, నేను. ముందే ఒక్కదాన్నే పోయి చూసి వద్దామా అని కూడా అనుకున్నాను. అబద్ధం చెప్పిన ఏడాది తరువాత పోయి చూసొచ్చి దాన్ని నిజం చేసుకోవడం నాకే ఏవగింపుగా అనిపించి మానుకున్నాను.

ఉదయం పది గంటలకు తీరం చేరాం. సరుగుడు చెట్లు దాటి అటు చూశాను. నేను అందరి వెనకాల ఉండటం మంచిదయింది. నా ముఖం ఎవరికీ కనబడలేదు. అంత నీరు! మా ఆయన చెప్పినట్టు వస్తూనే ఉంది, పోతూనే ఉంది.

కానీ రాళ్ళు లేవు. గుంటలు లేవు. ఎక్కడ చూసినా నీళ్ళే. అలలు వచ్చి నేరుగా సరుగుడు చెట్ల వేళ్ళ దాకా కొడుతున్నాయి. పిల్లలు వలబుట్టలు పట్టుకుని నా వైపు చూశారు.

ఒడ్డున ఒకావిడ వెదురుబుట్ట పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. రాళ్ళ మీది ఆల్చిప్పలు ఏరి అమ్ముకునే ఆవిడ. కన్నడలో అడిగాను, రాళ్ళెక్కడ అని. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "నీళ్ళ కింద ఉన్నాయి. నిన్న అమావాస్య కదా, ఈ వేళకు పోటు నిండుగా ఉంటుంది. సాయంత్రం అయిదుకు దిగుతుంది. నేనూ అందుకే కూర్చున్నాను" అంది.

నేను పిల్లలకు ఆటుపోట్లు చెప్పడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు. ట్రేలో రాళ్ళు పేర్చి, నీళ్ళు పోసి, ఒక పక్క ఎత్తి దించి, గుంటల్లో నీళ్ళు ఎలా మిగులుతాయో ప్రతి ఏడాదీ చూపించాను. నా ట్రేలో పోటు నేను ఎత్తినప్పుడు వచ్చేది, నేను దించినప్పుడు పోయేది. దానికి దాని వేళ ఉంటుందని, వచ్చేముందు ఆ వేళ చూసుకోవాలని నాకు తట్టనేలేదు. బెంగళూరులో కూర్చుని సముద్రం చెప్పే మనిషి తప్ప ఇంకెవరూ ఈ తప్పు చెయ్యరు.

"మిస్, టైడ్ టైమింగ్స్ ఆన్‌లైన్‌లో ఉంటాయి కదా, చెక్ చెయ్యలేదా?" అన్నాడు ఒక పిల్లవాడి తండ్రి, మర్యాదగానే.

నేను జవాబు చెప్పేలోపే మేఘన అడిగింది. "మీరు ముందు వచ్చినప్పుడు కూడా నీళ్ళు ఇలాగే ఉన్నాయా మిస్?"

తప్పించుకునే దారి ఉంది. అప్పుడు ఆటు వేళకు వచ్చానమ్మా అంటే సరిపోయేది. ఎవరూ అనుమానించేవారు కాదు. నాలుక చివరి దాకా వచ్చింది ఆ మాట. ఆ పిల్ల ముఖం చూస్తూ దాన్ని అనలేకపోయాను.

"నేను ముందెప్పుడూ రాలేదమ్మా. ఏ సముద్రమూ చూడలేదు. ఆ రోజు అందరి ముందు సిగ్గుపడి నీకు అబద్ధం చెప్పాను. ఇదే నాకు మొదటిసారి" అన్నాను.

పెద్దవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మేఘన వెళ్ళి వాళ్ళమ్మ పక్కన చెట్ల కింద కూర్చుంది. మిగతా పిల్లలు ఇసుకలో తిమింగలం గీశారు, చపాతీలు తిన్నారు, ఒకరి మీద ఒకరు ఇసుక పోసుకున్నారు. నేను సంచులకు కాపలా కూర్చున్నాను. బడిలో తొమ్మిదేళ్ళు, ఇంట్లో తొమ్మిదేళ్ళు, ఇంతమంది పిల్లలకు చెప్పి కూడా ఆ ఒక్క పిల్ల ముఖం చూడటానికి నాకు ధైర్యం లేకపోయింది.

మూడు దాటాక నీళ్ళు వెనక్కి పోవడం తెలిసింది. మొదటి రాయి నల్లటి తల బయట పెట్టింది. అప్పుడు మేఘన వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఆక్టోపస్‌కి త్రీ హార్ట్స్. అది?"

"చదివాను."

"బ్లూ వేల్ లెంగ్త్?"

"చదివాను. చీరలతో కొలవడం మాత్రం నా సొంతం."

"బ్రైన్ రొయ్యలు?"

"చూశాను. మీ ఇంట్లో, నీతో పాటే."

"మరి మార్నింగ్ నుంచి ఇక్కడే కూర్చున్నారేంటి? మీరింకా నీళ్ళలో కాలు కూడా పెట్టలేదు" అంది. చెయ్యి చాపింది. నా మోకాళ్ళతో లేవడానికి ఆ చెయ్యి అవసరమే అయింది.

నీళ్ళ దగ్గరికి వెళ్ళాక నన్ను ఆపి చెప్పింది. తను అంతకుముందు ఏడాది గోవాలో చూసిందట. "అల వచ్చేటప్పుడు భయం వెయ్యదు మిస్. వెనక్కి పోయేటప్పుడే, కాళ్ళ కింద ఇసుక లాగేస్తుంది. పడిపోతాం అనిపిస్తుంది. కానీ పడిపోము. కాళ్ళు కొంచెం దూరంగా పెట్టండి."

అల వచ్చింది. వెళ్ళింది. అరికాళ్ళ కింద ఇసుక సర్రున జారిపోయింది. అలా జరుగుతుందని నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు. నేను కెవ్వుమన్నాను. మేఘన నవ్వింది, నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. నాకు నవ్వూ, ఏడుపూ కలిసి వచ్చాయి. దాచుకోలేదు.

"నెక్స్ట్ సాటర్‌డే క్లాస్ ఉందా మిస్?" అని అడిగింది.

"నువ్వు వస్తావా?"

"వస్తాను. కానీ మీకు తెలియనిది తెలియదని చెప్పాలి. అందరూ ఉన్నా చెప్పాలి."

మాటిచ్చాను. ఆ తరువాత అయిదేళ్ళు పాఠాలు చెప్పాను. వారానికి ఒకసారైనా, ఇంటినిండా పెద్దవాళ్ళున్నా సరే, నాకు తెలియదు అనాల్సి వచ్చింది. ఆ అయిదేళ్ళలో మేఘన ఒక్క శనివారం కూడా మానలేదు.